వకీల్ సాబ్‌కు బెదిరింపు వస్తే... అది మన ఇంటికి వచ్చినట్టే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడింటిలో ఏ ఊరో చెప్పను. చెబితే మనిషి తెలిసిపోతాడు. మాకు దూరపు చుట్టం అయిన ఒక ఖాలా పోయిన ఏడాది నాకు ఫోన్ చేశారు. ఆమె కొడుకును పోలీసులు తీసుకెళ్లి కొట్టారని కేసు వేశారు. మూడు వాయిదాలు నడిచాయి. నాలుగో వాయిదాకు ముందు వకీల్ సాబ్ ఫైల్ తిరిగి ఇచ్చేశారు.

"ఫీజు కూడా వాపస్ ఇచ్చిండు బేటా. తబియత్ బాగలేదమ్మా, వేరే వాళ్లను చూసుకోండి అన్నడు. మేం ఏం తప్పు చేసినం?" అని ఆమె అడిగారు.

నేను వెళ్లి ఆ లాయర్‌ను కలిశాను. ఆరోగ్యం బాగానే ఉంది. చాలాసేపు వేరే ముచ్చట్లు చెప్పి, చివరికి అసలు సంగతి చెప్పారు. తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చిందట. తిట్టలేదు, చంపుతామనలేదు. "మీ బాబు ఫలానా స్కూల్ కదా సార్, సాయంత్రం నాలుగుంబావుకు వదులుతరు కదా" అని మాత్రం అన్నారట. అంతే, ఫోన్ కట్.

"ఫిర్యాదు చేశారా?" అన్నాను.

"ఏమని చేయాలె? స్కూల్ పేరు చెప్పుడు నేరమా?" అన్నారు.

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది బీకాం, లా కాదు. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి, లాయర్లను అడిగి, చట్టాలు చదివి తెలుసుకున్నది ఈ కథనంలో రాస్తున్నాను. ఎందుకంటే ఆ ఒక్క ఫోన్ కాల్‌తో భయపడింది లాయర్ ఒక్కరే. కానీ కేసు ఆగిపోయింది మాత్రం ఖాలాది.

హక్కుల లాయర్ అంటే ఎవరు?

పేపర్లో 'మానవ హక్కుల న్యాయవాది' అని చదివితే ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉండే పెద్ద పేరు గుర్తొస్తుంది. నిజానికి బోర్డు మీద అలా రాసుకునేవాళ్లు తక్కువ. స్టేషన్‌లో కొట్టారని కేసు వేసే లాయర్, భూమి లాక్కున్నారని పేదవాడి తరఫున నిలబడే లాయర్, కులాంతర పెళ్లి చేసుకున్న జంటకు రక్షణ కోరే లాయర్, తలాక్ తర్వాత పోషణ కోసం ఆడబిడ్డ తరఫున వాదించే లాయర్... వీళ్లంతా హక్కుల లాయర్లే. పొద్దున చెక్ బౌన్స్ కేసు వాదించి, మధ్యాహ్నం కస్టడీ కేసు వాదించేది ఒకే మనిషి కావచ్చు.

రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం, అరెస్టయిన ప్రతి మనిషికీ తనకు నచ్చిన న్యాయవాదితో మాట్లాడే, వాదించుకునే హక్కు ఉంది. ఆ న్యాయవాది భయపడి ఇంట్లో కూర్చుంటే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఐక్యరాజ్య సమితి 1990లో హవానాలో జరిగిన మహాసభలో న్యాయవాదుల పాత్రపై మూల సూత్రాలు ఆమోదించింది. అందులో మూడు మాటలు మనకు ముఖ్యం. లాయర్లు బెదిరింపులు, వేధింపులు లేకుండా పని చేసేలా ప్రభుత్వం చూడాలి. వృత్తి వల్ల వారి ప్రాణానికి ముప్పు వస్తే అధికారులు రక్షణ ఇవ్వాలి. కేసు వాదించినందుకు లాయర్‌ను ఆ క్లయింట్‌తో, అతని పనితో కలిపి చూడకూడదు.

మూడో మాట గుర్తు పెట్టుకోండి. చివర్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

మన నేల మీద జరిగింది ఇదీ

ఇది ఎక్కడో దూరాన జరిగే సంగతి కాదు. మన మూడు ఊళ్లూ 2016 దాకా ఒకే ఉమ్మడి నల్లగొండ జిల్లా. ఆ నల్లగొండ పట్టణంలోనే 2001 ఫిబ్రవరి 18న పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని నరికి చంపారు. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆ రోజు గుర్తుంటుంది. అంతకు మూడు నెలల ముందు, 2000 నవంబర్ 23న హైదరాబాద్‌లో అదే సంఘానికి చెందిన న్యాయవాది పురుషోత్తంను పట్టపగలే హత్య చేశారు.

ఇంకా వెనక్కి వెళితే వరంగల్. 1985 సెప్టెంబర్ 3న పిల్లల డాక్టర్, పౌరహక్కుల సంఘం నాయకుడు రామనాథం హత్య. 1991 డిసెంబర్ 7న అదే ఊళ్లో న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి హత్య. ఎన్‌కౌంటర్లు, లాకప్ మరణాలపై ప్రశ్నలు అడిగినవాళ్లు వీళ్లంతా. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటి వాళ్లు ఈ భయం మధ్యనే ఏళ్ల తరబడి కోర్టుల్లో నిలబడ్డారు.

"అవన్నీ నక్సలైట్ల కాలం నాటి సంగతులు" అని ఎవరైనా అనొచ్చు. అయితే 2021కి రండి.

ఫిబ్రవరి 17. పెద్దపల్లి జిల్లా మంథని కోర్టులో పని చూసుకుని హైకోర్టు న్యాయవాదులు గట్టు వామన్‌రావు, పి.వి. నాగమణి కారులో హైదరాబాద్ బయల్దేరారు. ఇద్దరూ భార్యాభర్తలు. కల్వచర్ల దగ్గర కారు ఆపి, నడిరోడ్డు మీద, బస్సుల్లో జనం చూస్తుండగానే కత్తులతో నరికారు. రక్తపు మడుగులో ఉన్న వామన్‌రావు దాడి చేసినవాళ్ల గురించి చెబుతుంటే అక్కడున్నవాళ్లు ఫోన్‌లో వీడియో తీశారు. ఆ వీడియో మనలో చాలామంది వాట్సాప్‌లో చూశాం. చూసి పక్కన పెట్టేశాం.

మనం మర్చిపోయిన సంగతి ఒకటుంది. 2020 మేలో మంథని పోలీస్ స్టేషన్‌లో శీలం రంగయ్య అనే వ్యక్తి చనిపోయాడు. ఆత్మహత్య అని పోలీసులు చెప్పారు. నాగమణి హైకోర్టుకు లేఖ రాశారు. కోర్టు దాన్ని ప్రజాహిత వ్యాజ్యంగా తీసుకుంది. ఆ తర్వాత తమకు వేధింపులు, ప్రాణహాని ఉన్నాయని ఆ దంపతులు హైకోర్టుకు చెప్పుకున్నారు. అంటే వాళ్లు నోరు మూసుకుని కూర్చోలేదు. రాష్ట్రంలోని అతి పెద్ద కోర్టుకే చెప్పారు. అయినా ప్రాణాలు దక్కలేదు.

హత్య తర్వాత హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని దర్యాప్తును పర్యవేక్షించింది. రాష్ట్రమంతా లాయర్లు కోర్టులు బహిష్కరించారు. వామన్‌రావు తండ్రి మాత్రం సీబీఐ దర్యాప్తు కావాలని సుప్రీం కోర్టు దాకా వెళ్లారు. 2025 ఆగస్టు 12న సుప్రీం కోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. హత్య జరిగిన నాలుగున్నరేళ్లకు. హైకోర్టు లాయర్ల కుటుంబానికే ఇంత సమయం పడితే, మన ఖాలా లాంటి వాళ్ల సంగతి ఆలోచించండి.

మన ఇళ్లల్లో ఎక్కువ తెలిసిన పేరు షాహిద్ ఆజ్మీ. ఆయన మీద సినిమా కూడా వచ్చింది. టాడా కేసులో తీహార్ జైల్లో ఉండి చదువుకుని, బయటకొచ్చి లాయర్ అయ్యారు. ఉగ్రవాద కేసుల్లో ఇరుక్కున్న పేద ముస్లిం యువకుల తరఫున వాదించారు. 2010 ఫిబ్రవరి 11న ముంబై కుర్లాలో ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు. వయసు 32. అప్పటికి ఆయన వాదిస్తున్న వాళ్లలో 26/11 కేసు నిందితుడు ఫహీమ్ అన్సారీ ఒకరు. ఆజ్మీ చనిపోయిన మూడు నెలలకు ట్రయల్ కోర్టు అన్సారీని నిర్దోషి అని వదిలేసింది. 2012లో సుప్రీం కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అంటే కేసులో బలం ఉంది. ఆ కేసును కోర్టు ముందు పెట్టిన మనిషి మాత్రం తీర్పు వినడానికి లేడు.

చిన్న ఊళ్లో బెదిరింపు సలహాలా వస్తుంది

హైదరాబాద్‌లో లాయర్‌కు, ఎదుటి పార్టీకి మధ్య పది కిలోమీటర్ల దూరం ఉంటుంది. మన దగ్గర ఆ దూరం లేదు. సూర్యాపేట కోర్టు బయట చాయ్ బండి దగ్గర లాయర్, నిందితుడి తమ్ముడు, సాక్షి, కానిస్టేబుల్ అందరూ ఒకే గ్లాసుల్లో చాయ్ తాగుతారు. లాయర్ భార్య ఏ స్కూల్లో టీచరో, తల్లి ఏ వీధిలో ఉంటుందో అందరికీ తెలుసు. అందుకే ఇక్కడ కత్తి చూపించాల్సిన పని లేదు.

"అన్నా, నీకెందుకన్నా ఈ కేసు?" ఇది మొదటి మెట్టు. చెప్పేది తెలిసినవాడే, నవ్వుతూనే చెబుతాడు. తర్వాత బార్‌లోనే ఒక సీనియర్‌తో చెప్పిస్తారు. ఆ తర్వాత రావాల్సిన వేరే కేసులు ఆగిపోతాయి. ఇంటి ఓనర్ ఆఫీసు గది ఖాళీ చేయమంటాడు. వాట్సాప్ గ్రూపుల్లో లాయర్ ఫొటో పెట్టి "ఎవరి తరఫున వాదిస్తున్నాడో చూడండి" అని తిప్పుతారు. చివరగా ఆ ఫోన్ కాల్ వస్తుంది, పిల్లల స్కూల్ పేరుతో.

ఇది ఎంతకాలం భరించాలి? మిర్యాలగూడ ప్రణయ్ కేసే చూడండి. హత్య జరిగింది 2018 సెప్టెంబర్ 14న. నల్లగొండ ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2025 మార్చి 10న. ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు. దేశమంతా చూస్తున్న కేసుకే ఆరున్నరేళ్లు పట్టింది. అన్ని ఏళ్లూ సాక్షులు, బాధిత కుటుంబం, లాయర్లు అదే గాలి పీల్చాలి, అదే రోడ్ల మీద తిరగాలి. కెమెరాలు లేని కేసుల్లో ఆ ఆరేళ్లు ఇంకా బరువుగా ఉంటాయి.

చట్టం ఏం ఇస్తుంది?

ఇప్పుడు ఆ లాయర్ అడిగిన ప్రశ్నకు వద్దాం: స్కూల్ పేరు చెప్పుడు నేరమా?

భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ నేరపూరిత బెదిరింపు గురించి చెబుతుంది. మనిషికి, అతని పేరుకు, ఆస్తికి, లేదా అతనికి కావలసినవాళ్లకు హాని చేస్తామని భయపెట్టి, అతను చేయాల్సిన పని మాన్పించాలని చూస్తే అది నేరం. 'చంపుతా' అనే మాటే ఉండాలని చట్టంలో లేదు. ఏ కేసు నడుస్తుండగా అన్నారు, ఏ ఉద్దేశంతో అన్నారు అన్నది చూడాలి. మామూలు బెదిరింపుకు 2 ఏళ్ల దాకా, చంపుతామనో తీవ్రంగా గాయపరుస్తామనో బెదిరిస్తే 7 ఏళ్ల దాకా శిక్ష. పేరు దాచిపెట్టి ఆకాశరామన్నలా బెదిరిస్తే అదనంగా మరో 2 ఏళ్ల దాకా పడొచ్చు.

అయితే ఇక్కడ ఒక చిక్కు. కేంద్ర చట్టం షెడ్యూలులో ఈ 351 నేరం పోలీసులు నేరుగా కేసు కట్టే రకంలో లేదు. అందుకే స్టేషన్‌లో "మేజిస్ట్రేట్ దగ్గరికి పోండి" అనే అవకాశం ఉంది. అలా అన్నా వెనక్కి రావద్దు. అలాంటి ఫిర్యాదును కూడా రిజిస్టర్‌లో రాయాలని నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతోంది. ఆ నమోదు వివరం తీసుకోండి. రేపు రెండో బెదిరింపు వచ్చినప్పుడు మొదటిదానికి సాక్ష్యం అదే.

సాక్షిని అబద్ధం చెప్పమని బెదిరిస్తే అది వేరే నేరం. న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా శిక్ష. ఇందులో పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చు.

సాక్షులకు ఇంకో పెద్ద రక్షణ ఉంది. మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబర్ 5న సుప్రీం కోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం అది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. జిల్లా పోలీస్ అధికారి, ప్రాసిక్యూషన్ అధికారి అందులో సభ్యులు. దరఖాస్తు పెడితే డీఎస్పీ స్థాయి అధికారి ముప్పు ఎంతుందో చూసి 5 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. ఇంటి దగ్గర గస్తీ, కోర్టుకు పోలీసు తోడు, ఫోన్ నంబర్ మార్పు, మూసిన గదిలో విచారణ లాంటివి అడగొచ్చు. సాక్షి కుటుంబానికీ ఇది వర్తిస్తుంది. జీవిత ఖైదు, 7 ఏళ్లు లాంటి పెద్ద శిక్షలున్న కేసులకు, ఆడవాళ్లపై జరిగే కొన్ని నేరాలకు ఈ పథకం ఉంది. కోదాడ, సూర్యాపేట వాళ్లకు సూర్యాపేట జిల్లా కోర్టు, మిర్యాలగూడ వాళ్లకు నల్లగొండ జిల్లా కోర్టు.

మరి లాయర్? ఆ పథకంలో లాయర్ లేడు. తానే సాక్షి అయితే తప్ప. సాక్షికి తోడుగా పోలీసు వస్తాడు, ఆ సాక్షిని ప్రశ్నలు అడగాల్సిన లాయర్ ఒంటరిగా బైక్ మీద వస్తాడు. చట్టంలో ఉన్న పెద్ద ఖాళీ ఇదే.

ఈ ఖాళీ నింపాలనే, వామన్‌రావు దంపతుల హత్య జరిగిన 2021లోనే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా న్యాయవాదుల రక్షణ బిల్లు ముసాయిదా తయారు చేసింది. దాడి చేస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా శిక్ష, 30 రోజుల్లో దర్యాప్తు అని అందులో ఉంది. కానీ ముసాయిదా చట్టం కాదు. రాజస్థాన్ 2023లో సొంత చట్టం తెచ్చుకుంది. జోధ్‌పూర్‌లో ఒక లాయర్‌ను నడిరోడ్డుపై చంపాక అది వచ్చింది. కర్ణాటక కూడా 2023లో చట్టం చేసింది. చిక్కమగళూరులో పోలీసులు ఒక లాయర్‌ను కొట్టిన గొడవ తర్వాత. లాయర్‌పై దాడికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా. లాయర్‌ను అరెస్టు చేస్తే 24 గంటల్లో బార్ అసోసియేషన్‌కు చెప్పాలి. తెలంగాణలో లాయర్లు అప్పటి నుంచీ ఇలాంటి చట్టమే అడుగుతూ వస్తున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ గొడవ అయ్యాకే చట్టం వచ్చిందన్నది గమనించండి. మన దగ్గర ఆ ఘోరం 2021లోనే జరిగింది.

ఒక మంచి కబురు కూడా ఉంది. క్లయింట్ చెప్పిన విషయాలు బయటపెట్టమని దర్యాప్తు అధికారులు లాయర్లకే నోటీసులు ఇవ్వడం ఈ మధ్య పెరిగింది. 2025 అక్టోబర్ 31న సుప్రీం కోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. చట్టంలో ఉన్న మినహాయింపు వర్తిస్తే తప్ప లాయర్‌కు సమన్లు ఇవ్వకూడదు. ఇచ్చినా ఏ మినహాయింపు కిందో రాయాలి, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. మీరు లాయర్‌కు చెప్పుకున్న మాట మీది, దాన్ని కాపాడటమే ఈ తీర్పు అసలు ఉద్దేశం.

కేసు ఉన్న ఇంటివాళ్లు ఏం చేయాలి?

కామర్స్‌లో మాకు మొదట నేర్పింది ఒకటే. వోచర్ లేని ఖర్చు లెక్కలోకి రాదు. నిజంగా ఖర్చు పెట్టినా సరే. బెదిరింపు కూడా అంతే. కాగితం మీద లేని బెదిరింపు జరగనట్టే లెక్క.

1. ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, టైమ్, నంబర్, ఎవరు, ఏ మాట అన్నారు... ఉన్నది ఉన్నట్టు రాయండి. కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ తీయండి. వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. బెదిరింపు చాలాసార్లు లాయర్ కన్నా ముందు మన ఇంటికే వస్తుంది. "మీ వకీల్‌కు చెప్పండి" అని మనతోనే అంటారు. ఆ మాట అదే రోజు లాయర్‌కు చెప్పండి.

2. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. పరిధి వేరైతే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అసలు స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. కేసు కట్టాల్సిన నేరమైనా ఎస్‌హెచ్‌ఓ తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112.

3. కేసు నడుస్తున్న జడ్జి దృష్టికి తీసుకెళ్లమని లాయర్‌ను అడగండి. మెమో వేస్తే అది కేసు రికార్డులో ఉంటుంది. ముప్పు ఎక్కువైతే పోలీసు రక్షణ కోసం హైకోర్టులో రిట్ వేయొచ్చు.

4. బార్ అసోసియేషన్‌కు తెలియాలి. ఒక్క లాయర్‌ను భయపెట్టడం తేలిక. అదే కేసులో ముగ్గురు లాయర్లు కలిసి వకాలత్ వేస్తే ఎవరి పిల్లల స్కూల్ పేరు చెబుతారు? జూనియర్లు, ముఖ్యంగా మహిళా లాయర్లు, ఒంటరిగా పడకుండా సీనియర్లు పక్కన నిలబడితే సగం బెదిరింపు అక్కడే ఆగుతుంది.

5. మానవ హక్కుల సంఘాలకు రాయండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌లో హక్కుల కార్యకర్తల కోసం ప్రత్యేక విభాగం ఉంది. లాయర్లూ అందులోకి వస్తారు. సంఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. రాష్ట్ర కమిషన్ హైదరాబాద్‌లో ఉంది. చాలాకాలం ఖాళీగా ఉన్నాక 2025లో జస్టిస్ షమీమ్ అక్తర్ ఛైర్‌పర్సన్‌గా వచ్చారు.

6. లాయర్ తప్పుకున్నా కేసు వదలకండి. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. జిల్లా కోర్టులోనే ఆఫీసు ఉంటుంది.

7. చిన్న పని, కానీ పెద్ద బలం: వాయిదా రోజు కోర్టుకు వెళ్లండి. ఇంటి నుంచి ఇద్దరు, మొహల్లా నుంచి ఇద్దరు. కోర్టు హాలు అందరికీ తెరిచే ఉంటుంది. వెనక బెంచీ మీద నలుగురు మనుషులు కూర్చుంటే లాయర్ ఒంటరి కాడని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. గొడవ వద్దు, నినాదాలు వద్దు. కూర్చుంటే చాలు.

మన వైపు తప్పు కూడా చూసుకుందాం

మొదట్లో గుర్తు పెట్టుకోమన్న మాట: లాయర్‌ను క్లయింట్‌తో కలిపి చూడొద్దు. మనకు అనుకూలంగా ఉన్నప్పుడు ఈ మాట తియ్యగా ఉంటుంది. మనకు నచ్చని మనిషి తరఫున లాయర్ నిలబడితే?

ముల్తాన్‌లో రాషిద్ రెహ్మాన్ అనే లాయర్ ఉండేవారు. దైవదూషణ ఆరోపణ మీద జైలుకెళ్లిన ఒక యువ లెక్చరర్ తరఫున వాదించారు. ఆ కేసు తీసుకోవడానికి వేరేవాళ్లు భయపడ్డారు. కోర్టు హాల్లోనే, జడ్జి ఎదుటే, "వచ్చే వాయిదాకు నువ్వుండవు" అన్న బెదిరింపు వచ్చింది. 2014 మే 7న ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు. షాహిద్ ఆజ్మీ చనిపోయినట్టే, ఆఫీసులోనే. చంపినవాళ్ల జెండాలు వేరు కావచ్చు, పని మాత్రం ఒకటే.

మన దేశంలో కొన్ని బార్ అసోసియేషన్లు ఫలానా నిందితుడి కేసు ఎవరూ వాదించొద్దని తీర్మానాలు చేస్తుంటాయి. ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో 2010 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు అలాంటి తీర్మానాలు చెల్లవని తేల్చి చెప్పింది. నిందితుడు ఎంత చెడ్డవాడని జనం అనుకున్నా, అతనికి లాయర్ ఉండాల్సిందే. ఈ నియమమే ఆ తర్వాత ఎందరో అమాయకులకు అక్కరకొచ్చింది.

అందుకే మనల్ని మనం ఒక మాట అడుక్కోవాలి. మన మొహల్లా వాట్సాప్ గ్రూపులో, మన ఆడబిడ్డకు పోషణ ఇప్పించిన లాయర్ ఫొటో పెట్టి "ఇంట్లో గొడవలు పెట్టేవాడు" అని తిట్టలేదా? అవతలి పార్టీ లాయర్ ఇంటి ముందుకు నలుగురిని తీసుకెళ్లి 'మాట్లాడి' రాలేదా? అది సలహా అని మనం అనుకున్నాం. ఆయన ఇంట్లో పిల్లలకు అది ఎలా వినిపించిందో మనకు తెలియదు.

వకీల్, వకాలత్, అదాలత్, జమానత్... తెలుగు కోర్టులు వాడే ఈ మాటలన్నీ మన ఇంటి మాటలే. వకాలత్ అంటే నీ మాట నా నోటితో చెబుతానని ఒప్పుకోవడం. ఆ నోరు మూయించడమంటే నీ నోరు మూయించడమే.

ఖాలా సంగతి చెప్పి ముగిస్తాను. ఇదంతా తెలుసుకున్నాక నేను మళ్లీ ఆ లాయర్ దగ్గరికి వెళ్లాను. కాల్ వచ్చిన తేదీ, టైమ్, నంబర్ ఆయన ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. ఆయన కాగితం తీసి, తనకు జరిగింది ఒక పేజీలో రాశారు. రాస్తుంటే చేయి కొంచెం వణికింది, నేను చూడనట్టు ఉన్నాను. ఆ కాగితం స్టేషన్‌లో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకున్నారు. ఫోన్ చేసింది ఎవరో ఈ రోజుకీ తేలలేదు.

ఖాలా కేసు ఇప్పుడు ఇద్దరు లాయర్లు చూస్తున్నారు. అందులో ఒకరు ఆయనే. పోయిన వాయిదాకు నేనూ వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఖాలా, ఆమె చెల్లెలు, పక్కింటి భాయ్, నేను. కేసు మూడు నిమిషాల్లో వాయిదా పడింది. బయటకొచ్చాక ఖాలా వకీల్ సాబ్‌ను ఒక్కటే అడిగారు: "బాబు స్కూల్‌కు పోతుండా?"

"పోతుండమ్మా. ఇప్పుడు నేనే పోయి తీసుకొస్తున్న" అన్నారు ఆయన.